నాలుగు తీగల బేస్‌కు ఐదో తీగ: నేను చేసి చూశాను

మీ ప్రశ్న ఇది: దగ్గర నాలుగు తీగల బేస్ గిటారు ఉంది, కొత్తది కొనే స్తోమత ఇప్పుడు లేదు, హెడ్‌కు (మెడ చివర కీలుండే పలకకు) ఇంకో కీ బిగించి, నట్టూ (మెడ చివర తీగలు ఆనే గాళ్ల పట్టీ) బ్రిడ్జీ (అవతలి చివర తీగలు బిగించే పళ్లెం) మార్పించి ఐదు తీగలు చేసుకోవచ్చా అని. చేయవచ్చు, కానీ చేయకండి. విన్న మాట కాదు, ఒక మంచి గిటారును చేజేతులా పాడుచేసుకుని చెబుతున్నాను. మీకు కావలసింది ఐదో తీగా, లేక కింది స్వరాలా అన్నది ముందు తేల్చుకోండి. స్వరాలే అయితే ఒక సెట్టు తీగల ఖర్చుతో పని అయిపోతుంది.

విజయవాడలో ఒక ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తాను. పెళ్లిళ్లు, దసరా పందిళ్లు, డిసెంబరు వస్తే చర్చి కార్యక్రమాలు. మా గాయకుడిది ఒకటి శ్రుతి, అంటే సి. నాలుగు తీగల బేస్‌లో తీగలు ఇ, ఏ, డి, జి. అన్నిటికన్నా కింది స్వరం ఇ, అంటే మూడు శ్రుతి. పల్లవి తిరిగి వచ్చి షడ్జమం మీద కూర్చునేటప్పుడు నేను ‘ఏ’ (A) తీగ మూడో ఫ్రెట్‌కు (మెడ మీది అడ్డ కమ్మీకి) ఎక్కాలి తప్ప కిందికి దిగడానికి చోటు లేదు. సరిగ్గా అప్పుడే మా కీబోర్డు అన్న ఎడమ చేతి చిటికెనవేలితో కింది సి నొక్కి పట్టి నా వైపు చూసి నవ్వేవాడు. ఆ నవ్వు భరించలేకే ఐదో తీగ మీద మనసు పడింది.

వడ్రంగి దగ్గర హెడ్‌కు అవతలి అంచున బెజ్జం వేయించాను. వెనక చెక్క ఆన్చకుండా డ్రిల్లు దింపడంతో అవతలి వైపు వార్నిషు పెచ్చు లేచింది. పోనీ అనుకున్నాను. ఆటోనగర్‌లో ఒక లేత్ దుకాణంలో ఇత్తడి కడ్డీ కోయించి ఐదు సన్నని శాడిళ్లు (బ్రిడ్జి మీద ఒక్కో తీగ ఆనే దిమ్మలు) చేయించి పాత బ్రిడ్జి పళ్లెం మీదే బిగించాను. ఎముకతో కొత్త నట్ నేనే అరగదీశాను. అప్పటివరకూ నాకు నా పనితనం మీద చాలా గర్వంగానే ఉంది.

అసలు చిక్కు బెజ్జంలో లేదు, మెడ వెడల్పులో ఉంది. నాది జాజ్ బేస్ నమూనా, నట్ దగ్గర 38 మిల్లీమీటర్లు. ఐదు తీగలకని పుట్టిన బేసుల్లో అదే చోట మామూలుగా 45 నుంచి 48 దాకా ఉంటుంది. బ్రిడ్జి దగ్గర నా మొదటి తీగకూ చివరి తీగకూ మధ్య దూరం 57. దాన్ని మూడు ఖాళీలకు పంచితే 19 చొప్పున వస్తుంది, నాలుగింటికి పంచితే 14 పైచిలుకు. కాగితం మీద ఐదు మిల్లీమీటర్ల తేడా చిన్నదే. ఏళ్ల తరబడి 19కి అలవాటైన కుడిచేతి వేళ్లకు మాత్రం ప్రతి మీటుకూ పక్క తీగ తగిలేది.

అదైనా సాధనతో సర్దుకునేది. మొదటి రిహార్సల్‌లో ఇంకోటి బయటపడింది. కింది స్వరాల కోసం చేర్చిన కొత్త బి తీగ బాగానే పలికింది. మూగబోయింది మధ్యలోని ‘ఏ’ తీగ! తీగ తప్పేమోనని మార్చాను, యాంప్ (యాంప్లిఫయర్) మార్చాను, అనుమానంతో కేబుల్ కూడా మార్చాను. చివరికి స్కేలు పెట్టి కొలిస్తే అర్థమైంది. ఈ రకం పికప్‌లో (తీగ కదలికను పట్టి యాంప్‌కు పంపే భాగంలో) ఒక్కో తీగకు రెండేసి అయస్కాంతపు గుండీలు, మొత్తం నాలుగు జతలు. ఐదు తీగలను అదే వెడల్పులో సర్దితే అంచుల్లో ఉన్న రెండూ తమ జతల మీదే ఉంటాయి, నట్టనడిమిది మాత్రం రెండు జతల మధ్య ఖాళీలో పడుతుంది. దీనికి మందు గుండీలకు బదులు నిలువునా ఒకే బ్లేడు ఉన్న పికప్. అంటే మళ్లీ ఖర్చు. పైగా ఐదో తీగతో మెడ మీద ఇంకో 15 కిలోల లాగుడు చేరింది. ట్రస్ రాడ్ (మెడ లోపలి కడ్డీ) బిగించి మెడను నిలబెట్టగలిగాను కానీ, ప్రతి వానాకాలం దాంతో కుస్తీ పట్టడం నా వల్ల కాలేదు.

ఈ ఇరుకు నాకొక్కడికే ఎదురైంది కాదులెండి. ఫెండర్ కంపెనీ 1965లోనే బేస్ 5 పేరుతో ఐదు తీగల గిటారు తెచ్చింది. అందులో ఐదో తీగ కింది బి కాదు, పైన సి. ఫ్రెట్లు 15 మాత్రమే. తీగలు బాగా దగ్గరదగ్గరగా ఉండేవి. ఆ నమూనా ఎక్కువ కాలం నిలవలేదు.

ఇప్పుడు ఆ బెజ్జంలో చెక్క బిరడా ఉంది, పాత బ్రిడ్జి వెనక్కి వచ్చింది, తీగలు మళ్లీ నాలుగే. కానీ అవి బి, ఇ, ఏ, డి. ఐదు తీగల సెట్టు కొని, అందులో సన్నని జి తీగను పక్కన పెట్టి, మిగతా నాలుగూ ఎక్కించాను. మీకూ ఇదే చెబుతాను. పోగొట్టుకునేది పైన ఐదు అరస్వరాలు. పాటల ఆర్కెస్ట్రాలో ఆ ఎత్తున బేస్ వాయించే సందర్భం ఎన్నిసార్లు వస్తుందో మీరే లెక్క వేసుకోండి. మెడ మీద బరువు కూడా పెరగదు, బి తీగ లాగుడు జి కన్నా తక్కువే కాబట్టి కాస్త తగ్గుతుంది. అందుకే కొన్ని మెడలు వెనక్కి వంగి తీగలు ఫ్రెట్లకు తగిలి గరగరలాడతాయి. అప్పుడు ట్రస్ రాడ్ పావు చుట్టు వదులు చేసి, ఒక రాత్రి ఆగి మళ్లీ చూడండి.

జాగ్రత్తగా చేయాల్సింది నట్. బి తీగ ఒక్కటే లావని అనుకోకండి, ప్రతి గాడిలోకీ ఇదివరకటి కన్నా లావు తీగే వస్తోంది కాబట్టి నాలుగు గాళ్లూ వెడల్పు చేయాలి. బి తీగ మందం 3.3 మిల్లీమీటర్లు, పాత ఇ తీగది 2.7. పాత ఇ తీగ ముక్కకు పలుచని గరుకు కాగితం ఒక చుట్టు చుడితే దాదాపు కొత్త తీగ మందం వస్తుంది. దాన్నే ఆకురాయిలా గాడిలో నెమ్మదిగా ఆడించండి. పక్కలు అరగాలి, అడుగు అరగకూడదు. నాలుగు సార్లు రుద్ది ఒకసారి తీగ పెట్టి చూడండి. కీ తిప్పేటప్పుడు టిక్కుమని ఎగిరి శ్రుతి దూకితే గాడి ఇంకా ఇరుకుగా ఉన్నట్టు. మళ్లీ మామూలు తీగలకు వెళ్లే ఆలోచన ఏమాత్రం ఉన్నా ఇదంతా వేరే నట్ మీద చేయండి, పాతది దాచుకోండి.

తీగను కత్తిరించే ముందు, కోయాల్సిన చోటికి కాస్త ఇవతల నిలువుగా వంచి అప్పుడు కోయండి. నేరుగా కోస్తే లోపలి తీగ మీద చుట్టు జారి బి తీగ మొద్దుగా పలుకుతుంది. కీ మొలలో లావు తీగ పట్టకపోతే చివర సన్నబడిన రకం తీగలు దొరుకుతాయి, అవి అడగండి. ఆపైన బి శాడిల్‌ను వెనక్కి జరుపుతూ పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (నొక్కకుండా తాకి పలికించే స్వరం), నొక్కిన స్వరం రెండూ ట్యూనర్‌లో ఒకటయ్యే దాకా సరిచూసుకోండి. బి తీగ ఊపు ఎక్కువ కాబట్టి దాన్ని మిగతా తీగల కన్నా అర మిల్లీమీటరు ఎక్కువ ఎత్తులో ఉంచితే గరగర ఉండదు.

వేళ్లకు ఒక వారం తికమక తప్పదు. ఇ అనుకుని పై తీగ మీటితే బి పలుకుతుంది. మొదటి ప్రోగ్రాములో ఒక చరణమంతా ఐదు అరస్వరాలు కిందికి వాయించాను. కీబోర్డు అన్న మళ్లీ నవ్వాడు, అది వేరే రకం నవ్వు.

మీ పాటలు రెండున్నర, రెండు శ్రుతుల దాకానే దిగుతాయంటే తీగలు మార్చే పని కూడా లేదు. ఇ తీగ కీ స్థానంలో బిగించే హిప్‌షాట్ ఎక్స్‌టెండర్ అనే మీట ఉంది, వేలితో తోస్తే ఆ తీగ డి స్వరానికి దిగుతుంది, వెనక్కి లాగితే ఇ స్వరానికి వస్తుంది. నాకు ఒకటి శ్రుతి కావాలి కాబట్టి అది చాలలేదు.

యాంప్ సంగతి కూడా ఆలోచించుకోండి. ఇ తీగ 41 హెర్ట్జ్, బి 31. ఎనిమిది అంగుళాల స్పీకరున్న ఇంటి యాంప్‌లో ఆ 31 దాదాపు వినబడదు, దానితో పాటు పలికే పై స్వరాలనే చెవి బి అనుకుంటుంది. శబ్దం పెంచితే స్పీకరు చిరుగుతుందే గాని బి రాదు.

తీగలు కొనే ముందు మీ గిటారు స్కేలు, అంటే నట్ నుంచి బ్రిడ్జి శాడిల్ దాకా ఉన్న నిడివి, టేపుతో కొలవండి. 34 అంగుళాలైతే పైన చెప్పినదంతా వర్తిస్తుంది. 30 అంగుళాల చిన్న బేస్ అయితే బి తీగ తాడులా వేలాడుతుంది, దానికి ఈ పద్ధతి పెట్టుకోకండి. కొలత, పికప్ రకం ఇక్కడ రాస్తే ఏ మందం సెట్టు సరిపోతుందో చెబుతాను.