సీపాప్ మీద ఉన్న పాపాయి సొంతంగా ఊపిరి తీసుకుంటున్నట్లేనా?

మీ పాప 31వ వారంలో పుట్టిందని, ముక్కుకు సీపాప్ (కొద్ది ఒత్తిడితో గాలి పంపే పరికరం) పెట్టారని, ఊపిరితిత్తుల్లోకి సర్ఫాక్టెంట్ పోశారని, రోజూ కెఫీన్ ఇస్తున్నారని రాశారు. ఇదంతా వెంటిలేటర్ లాంటిదేనా అని అడిగారు. మా బాబు 30వ వారంలో పుట్టాడు, వాడికీ ఈ మూడు చికిత్సలూ జరిగాయి. నేను డాక్టరును కాను, తల్లిగా తెలుసుకున్నది చెబుతున్నాను.

సీపాప్ వెంటిలేటర్ కాదమ్మా. ఊపిరి తీసుకుంటున్నది మీ పాపే. నెలలు నిండని పిల్లల ఊపిరితిత్తుల్లో గాలిగదులను తెరిచి ఉంచే సర్ఫాక్టెంట్ అనే పదార్థం చాలినంత ఉండదు. అందుకే ఊపిరి వదిలిన ప్రతిసారీ లోపలి గాలిగదులు ముడుచుకుపోతాయి. పాప మూలగడం, డొక్కలు ఎగరేయడం అందువల్లే. సీపాప్ కొద్దిపాటి ఒత్తిడితో ఆ గదులు మూసుకుపోకుండా ఆపుతుంది. పక్కన నీళ్ల సీసాలో గొట్టం బుడబుడమంటుంటే ఒత్తిడి అందుతున్నట్లే. ఆ చప్పుడు ఆగితే సిస్టర్‌ను పిలవండి, మొహమాటపడకండి.

ఇక సర్ఫాక్టెంట్ మందు సంగతి. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు, మీ పాపకన్నా నెలలు నిండి పుట్టినవాడే, సర్ఫాక్టెంట్ చాలక వచ్చే ఇదే ఊపిరితిత్తుల జబ్బుతో 39 గంటలకు చనిపోయాడు. అప్పటికి ఈ మందు లేదు. 1980లో జపాన్ డాక్టరు ఫుజివారా ఆవు ఊపిరితిత్తుల నుంచి తయారుచేసిన సర్ఫాక్టెంట్ పసిపిల్లలకు పనిచేస్తుందని చూపించాక దారి మారింది.

నన్ను ఎక్కువగా భయపెట్టింది మానిటర్ మోత. వీళ్ల మెదడులో శ్వాసను నడిపే భాగం ఇంకా పూర్తిగా ఎదిగి ఉండదు కాబట్టి ఒక్కోసారి ఊపిరి తీయడమే మరిచిపోతారు. సిస్టర్ వచ్చి మా వాడి అరికాలిని వేలితో మెల్లగా రాస్తే చాలు, ఛాతీ మళ్లీ కదిలేది. కెఫీన్ ఇచ్చేది దీనికే, ఆ భాగాన్ని మేల్కొల్పడానికి. వారాలు నిండుతున్న కొద్దీ ఇది తగ్గుతుంది.

మానిటర్‌లో ఆక్సిజన్ శాతం 100 కావాలని పట్టుబట్టకండి. ఆక్సిజన్ పెట్టిన ఇలాంటి పిల్లలకు సాధారణంగా 90 నుంచి 95 మధ్య ఉంచుతారు. ఎక్కువైతే కంటి లోపలి పొర రెటీనా దెబ్బతినే ప్రమాదం ఉంది.

మీరు చేయగలిగింది చాలా ఉంది. రెండు మూడు గంటలకోసారి మీ చనుబాలు పిండి తీసి ఇవ్వండి, కొన్ని చుక్కలే వచ్చినా సరే. నెలలు నిండని పిల్లలకు వచ్చే పేగుల జబ్బు ముప్పును ఆ పాలు తగ్గిస్తాయి. పాప నిలకడగా ఉంటే, సీపాప్ ఉండగానే గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టుకోవచ్చు. దీన్నే కంగారూ సంరక్షణ అంటారు, ఎప్పుడు మొదలుపెట్టవచ్చో మీరే అడగండి. మావారు కూడా చొక్కా విప్పి గంటలకొద్దీ వాడిని పట్టుకుని కూర్చునేవారు. ఇది చికిత్సలో భాగమే, మురిపెం కోసం చేసేది అనుకోకండి.

పాపకు నెల నిండేలోపు రెటీనా పరీక్ష తప్పనిసరి. డిశ్చార్జి కాగితంలో ఆ తేదీ లేకపోతే రాయించుకున్నాకే ఇంటికి బయల్దేరండి. ఇంటికి వచ్చాక పెదవులు నీలంగా మారినా, డొక్కలు ఎగరేసినా, పాలు తాగడం మానేసినా తెల్లవారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.