శాటిలైట్ ఫోటోల్లో పాత ఊళ్ళు వెతికే ఉద్యోగం ఉంటుందా?

నరసరావుపేట వైపు నుంచి ఒక అమ్మ రాశారు. వాళ్ళ పాప ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. రాత్రి పదకొండు దాటినా గూగుల్ ఎర్త్‌లో పొలాలు చూస్తూ కూర్చుంటుందట. ఊరి పక్క మెరక చేలో గుండ్రటి గీత కనిపించిందని, అది పాత కోట అని అంటోందట. శాటిలైట్లతో పురావస్తు పరిశోధన చేస్తాను, బీటెక్ వద్దు అని పట్టుబట్టింది. వాళ్ళ నాన్నగారేమో కంప్యూటర్స్ తప్ప ఇంకేదీ కుదరదంటున్నారు. ఇందులో అసలు ఉద్యోగాలున్నాయా అని అడిగారు.

అమ్మా, పాప చెబుతున్న పని నిజంగానే ఉంది, కాకపోతే తను ఊహించుకున్నట్టు ఉండదు. 2016లో కెనడాలో 15 ఏళ్ళ కుర్రాడొకడు నక్షత్రాల పటాన్ని మాయా (మెక్సికో, మధ్య అమెరికాల్లోని ప్రాచీన నాగరికత) నగరాల పటంతో పోల్చుకుని, మెక్సికో అడవిలో శాటిలైట్ ఫోటోలో కనిపించిన ఒక చతురస్రం చూపించి కొత్త నగరం దొరికిందన్నాడు. పేపర్లన్నీ రాసేశాయి. తర్వాత మాయా నిపుణులు చూసి, అది వదిలేసిన మొక్కజొన్న చేనులా ఉందన్నారు. కుర్రాడి తప్పేం లేదు, వార్త రాసేముందు అక్కడికి నడిచి వెళ్ళి చూసినవాళ్ళు లేరు, అంతే.

పద్ధతిగా చేస్తే ఎలా ఉంటుందో సిరియా సంగతి చెబుతాను. 2012లో హార్వర్డ్‌లో పనిచేసే పురావస్తు శాస్త్రవేత్త జేసన్ ఉర్, ఆయనతో కలిసి బ్యోర్న్ మెన్జే ఈశాన్య సిరియాలో సుమారు 23,000 చదరపు కిలోమీటర్లు జల్లెడ పట్టి, 14,000కు పైగా పాత నివాస స్థలాలు గుర్తించారు. ఎలాగంటే, మట్టి ఇళ్ళు కూలి వాటి మీదే మళ్ళీ ఇళ్ళు లేచి, బూడిద, చెత్త, పేడ వందల ఏళ్ళు కలిసిపోయిన చోట మట్టి రంగే మారిపోతుంది, వెలుతురు వేరేలా తిప్పికొడుతుంది. మన దగ్గర పాటిమట్టి అని బండ్లకెత్తి చేలకు తోలుకునేవారే, అలాంటిదే. ముందే తెలిసిన స్థలాలు చూపించి కంప్యూటర్‌కు ఆ తేడా నేర్పారు. ఇక్కడ అసలు విషయం ఏమిటంటే, ఉర్ అంతకుముందే ఆ నేల మీద కాలినడకన సర్వే చేసి, పాత కుండ పెంకులు ఏరిన మనిషి.

వాళ్ళు వాడినవాటిలో కరోనా ఫోటోలూ ఉన్నాయి (జబ్బు కాదు, అమెరికా గూఢచారి ఉపగ్రహాలు). 1960 నుంచి 1972 దాకా తీసిన ఆ ఫోటోలను 1995లో బయటపెట్టారు. కొత్త ఫోటోలు స్పష్టంగా ఉన్నా పాతవాటికే విలువ ఎందుకంటే, ట్రాక్టర్లు చదును చేయకముందు, ఆనకట్టలు ముంచకముందు నేల ఎలా ఉండేదో వాటిలోనే కనిపిస్తుంది.

ఇక ఉద్యోగాలు. శాటిలైట్ ఆర్కియాలజిస్ట్ అని బోర్డు పెట్టి పిలిచే ఉద్యోగం మన దగ్గర దాదాపు లేదు. కేంద్ర పురావస్తు శాఖలో పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పలేం. దాని మీదే ఆశపెట్టుకుని ఎంఏలో చేరమని నేను ఏ పిల్లకూ చెప్పను. కానీ ఇదే పనిలో సగమైన రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాలతో నేలను చదవడం), జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల పని)లకు గిరాకీ ఉంది. హైదరాబాద్‌లో ఇస్రో వాళ్ళ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్ఆర్ఎస్సీ ఉంది, మ్యాపింగ్ కంపెనీలు ఉన్నాయి, నీటిపారుదల, అడవులు, భూముల సర్వే అన్నీ దీనితోనే నడుస్తున్నాయి. అందుకే బీటెక్ మానొద్దు, బ్రాంచి మార్చమంటాను. సివిల్ గానీ జియోఇన్ఫర్మాటిక్స్ (మ్యాపుల సమాచారానికి సంబంధించిన బ్రాంచి) గానీ తీసుకుంటే, ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్షలో జియోమాటిక్స్ (సర్వే, మ్యాపింగ్) పేపర్ రాయొచ్చు, డెహ్రాడూన్‌లో ఇస్రో శిక్షణ సంస్థ ఐఐఆర్ఎస్‌లో ఎంటెక్‌కు ప్రయత్నించొచ్చు. అప్పటికీ ఇష్టం చావకపోతే పుణె డెక్కన్ కాలేజీలో ఆర్కియాలజీ ఎంఏ ఉంది. బెంగళూరులోని నియాస్ అనే పరిశోధన సంస్థలో ఎం.బి. రజని గారు నలందా మీద ఉపగ్రహ చిత్రాలతోనే పనిచేశారు, పాపను ఆవిడ రాసినవి చదవమనండి. నాన్నగారికి కంప్యూటర్స్ కావాలంటే అదీ ఫర్వాలేదు, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చినవాళ్ళు ఈ రంగంలో ఎప్పుడూ కావాలి.

ఏం చదివినా ఎండలో తిరగక తప్పదని మాత్రం పాపకు ఇప్పుడే చెప్పండి.

పరీక్షలయ్యాక ఒక పని పెట్టండి. మీ మండలాన్ని కిలోమీటరు గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడినీ వేర్వేరు నెలల ఫోటోల్లో చూడమనండి. భూమిలో పాత గోడ ఉంటే దాని పైన మట్టి పలచగా ఉండి పైరు ముందే వాడుతుంది, పూడిపోయిన కందకం ఉంటే అక్కడ పచ్చదనం కొన్నాళ్ళు ఎక్కువ నిలుస్తుంది. బెట్ట పడినప్పుడు మెరక చేలల్లో ఇది కనిపిస్తుంది, కాలవ కింద వరి మడుల్లో కష్టం. ఉచితంగా దొరికే సెంటినెల్ (యూరప్ ఉపగ్రహాలు) ఫోటోలో ఒక చుక్క అంటే 10 మీటర్లు, గుడిసెలు వెతక్కూడదు. ఏమీ లేని గడి దగ్గర కూడా "ఏమీ లేదు" అని రాయాలి, చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు. మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితమే, సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లూ (ఎత్తుపల్లాలు చూపే మ్యాపులు) దొరుకుతాయి. దిబ్బ, దిన్నె, పాటి, కోట అని వచ్చే చేల పేర్లు పెద్దవాళ్ళనడిగి రాసుకోవాలి. అమరావతి స్తూపం ఉన్న మట్టిదిబ్బను ఊళ్ళోవాళ్ళు దీపాలదిన్నె అనేవారు మరి. రెండొందల గళ్ళు చూశాక కూడా విసుగు రాలేదంటే అప్పుడు మళ్ళీ రాయండి, నాన్నగారితో నేనే మాట్లాడతాను.

ఒక జాగ్రత్త. ఏదైనా దొరికినట్టనిపిస్తే గడ్డపార ముట్టుకోవద్దు, లొకేషన్ ఇన్‌స్టాలో పెట్టొద్దు. గుప్తనిధుల బ్యాచ్ మనకంటే ముందు చేరిపోతుంది. అమెరికా పురావస్తు శాస్త్రవేత్త సారా పార్కాక్ 2017లో పెరూలో మామూలు జనంతో ఫోటోలు వెతికించినప్పుడు కూడా, చూస్తున్న ముక్క ఎక్కడిదో వాళ్ళకు తెలియకుండా దాచింది ఈ భయంతోనే. జిల్లాలో పురావస్తు శాఖవాళ్ళకు ఫోటోతో సహా ఉత్తరం రాస్తే చాలు.

ఆ గుండ్రటి గీత సంగతంటారా, ముందు ఆ చేను రైతునడగండి, అక్కడ ఎప్పుడైనా ఇటుకబట్టీ ఉండేదా అని.