అద్దె తగ్గించమని ఎలా అడగాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: హైదరాబాద్ కొండాపూర్‌లో 1,150 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటులో రెండేళ్లుగా ఉంటున్నాం. అద్దె 28,000. మెయింటెనెన్సు అడుగుకు 3 రూపాయలు, అది వేరు. జూన్ నెలాఖరుకు అగ్రిమెంటు అయిపోతుంది. ఓనరుగారు పది శాతం పెంచుతామంటున్నారు. ఈమధ్యే మావారి ఐటీ ఉద్యోగం పోయింది, నా ఒక్క జీతంతో ఇల్లు నడుస్తోంది. మా బ్లాకులో ఫ్లాట్లు ఖాళీగానే కనిపిస్తున్నాయి. తగ్గించమని అడగొచ్చా?

జవాబు: అడగొచ్చమ్మా, తప్పకుండా అడగండి. కాకపోతే ఉద్యోగం పోయిందన్న మాటతో మొదలుపెట్టకండి. అది వింటే ఓనరుకు జాలి కలగొచ్చు, ఆ వెంటనే ‘రేపటి నుంచి అద్దె సరిగ్గా వస్తుందా’ అన్న భయమూ పుడుతుంది. మీరు మాట్లాడాల్సింది ఖాళీ ఫ్లాటు లెక్క.

మీరు వెళ్లిపోయి, ఫ్లాటు నెలన్నర ఖాళీగా ఉందనుకోండి. పోయే అద్దె 42,000. ఆ నెలన్నరకు మెయింటెనెన్సు ఓనరే కట్టాలి, 5,175. కొత్తవారిని తెచ్చిన బ్రోకరుకు సగం నెల అద్దె, 14,000. మొత్తం 61,175. పెయింటింగ్ ఖర్చు ఇందులో కలపకండి, అది ఎలాగూ మీ అడ్వాన్సులోంచే పట్టుకుంటారు. ఇప్పుడు అటువైపు చూడండి. ఆయన అడుగుతున్నది 30,800. మీరు 26,000 ఇస్తే నెలకు 4,800 తేడా, పదకొండు నెలల అగ్రిమెంటుకు 52,800. అంటే తాను అనుకున్న అద్దెకే కొత్తవారు దొరికినా, ఈ పదకొండు నెలల్లో మిమ్మల్ని ఉంచుకోవడమే ఆయనకు లాభం. మార్కెట్ ఇలా మందగించినప్పుడు 30,800కు దొరకడం కష్టం కూడా.

మీ వైపు లెక్కా వేసుకోండి, లేకపోతే బేరం బెడిసికొడుతుంది. ఇల్లు మారితే పెయింటింగ్ కింద ఒక నెల అద్దె 28,000 పోతుంది, బ్రోకరుకు 14,000, సామాను తరలింపుకు తక్కువలో తక్కువ 10,000. మొత్తం 52,000. కొత్త ఇంట్లో నెలకు 4,700 పైన మిగిలితే తప్ప మారడం దండగ. అందుకని ‘తగ్గించకపోతే ఖాళీ చేస్తాం’ అని ఉత్తుత్తి బెదిరింపు వద్దు. ఓనరు ‘సరే, చేయండి’ అంటే ఇరుక్కునేది మీరే.

అడిగే సమయం ముఖ్యం. అగ్రిమెంటు ముగిసే అరవై రోజుల ముందు, అంటే మే మొదటి వారంలోనే కదపండి. మీకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. పిల్లలున్న కుటుంబాలు ఎండాకాలం సెలవుల్లోనే ఇళ్లు మారతాయి. సాధారణంగా జూన్ చివర్లోనో జూలైలోనో ఆషాఢం వస్తుంది, శూన్యమాసమని చాలామంది కొత్త ఇంట్లో పాలు పొంగించరు. జూలైలో ఖాళీ అయిన ఫ్లాటు శ్రావణం దాకా అలాగే ఉండే అవకాశం ఎక్కువ. ఈ సంగతి ఓనరుకూ తెలుసు, మెత్తగా గుర్తుచేస్తే చాలు.

ముందుగా వాచ్‌మన్‌ను అడిగి తెలుసుకోండి: ఏ ఫ్లాట్లు ఎన్నాళ్లుగా ఖాళీ, ఈమధ్య దిగినవారు ఎంతకు దిగారు. యాప్‌లలో కనిపించేది అడుగుతున్న ధర, కుదిరిన ధర కాదు. కుదిరిన ధరలు రెండు మూడు దొరికితే మీ మాటకు బలం.

అడిగేటప్పుడు ఇలా చెప్పొచ్చు: “సార్, ఈ ఇంట్లోనే ఉండాలని మా కోరిక. రెండేళ్లలో ఒక్క నెలా అద్దె ఆలస్యం చేయలేదు. మన బ్లాకులోనే ఇదే సైజు ఫ్లాటు 25,000కు దిగింది. మాకూ 25,000 చేస్తే ఈ వారమే సంతకం పెట్టేస్తాం.” ఈ అంకెలు నిజమైతేనే చెప్పండి, ఓనరు ఒక్క ఫోనుతో కనుక్కోగలరు. 26,000 దగ్గర కుదిరితే మంచి బేరమే.

ఓనరు ఒప్పుకోకపోతే చాలాసార్లు కారణం ఒకటే: ఒకసారి తగ్గితే మళ్లీ పెరగదేమోనని. 2020లో ఐటీవాళ్లు ఊళ్లకు వెళ్లిపోయి మాదాపూర్, గచ్చిబౌలి ఫ్లాట్లు ఖాళీ అయినప్పుడు తగ్గించినవారికి ఆ భయం ఇంకా ఉంటుంది. దానికి విరుగుడు తాత్కాలిక తగ్గింపు. ‘జూలై నుంచి డిసెంబరు వరకు 25,000, జనవరి నుంచి 28,000’ అని తేదీలతో రాయించండి. వచ్చే రెన్యువల్‌కు 5 శాతానికి మించి పెంచకూడదన్న షరతూ ఇప్పుడే పెట్టించండి. మార్కెట్ కోలుకున్నాక ఆ మాట ఎవరూ రాయరు.

నోటిమాటతో ఆగొద్దు. పాత అగ్రిమెంటు ముగిశాక కొత్తది లేకుండా ఉండిపోతే మీది నెలనెలా అద్దె కిందికి వస్తుంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం అలాంటి ఇంటిని 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయమనొచ్చు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం మీకు అక్కరకు రాదు, నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె 3,500 దాటిన ఇళ్లను 2005 సవరణ దాని నుంచి తప్పించింది. ఇంకో మాట. కాగితం మీద 28,000 ఉంచి చేతికి 26,000 ఇచ్చే పద్ధతికి ఒప్పుకోవద్దు. ఆ కాగితంతో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) పన్ను మినహాయింపు చూపిస్తే తప్పుడు లెక్క అవుతుంది.

ప్రశ్న: నేను కాకినాడలో రిటైర్డ్ టీచర్ని. మియాపూర్‌లో ఉన్న ఒక్క ఫ్లాటు అద్దే నాకు ఆధారం. అద్దెకున్నవారు, ‘ఆరు నెలలు సగమే ఇస్తాం, మిగతాది తర్వాత సర్దుతాం’ అంటున్నారు. ఒప్పుకోమంటారా?

జవాబు: వద్దండి. బకాయి పెట్టించుకోవడం కంటే కొంత తగ్గించడమే మీకు క్షేమం. ఆరు నెలలు సగం చొప్పున ఆగితే మూడు నెలల అద్దె బాకీ పడుతుంది. మీ దగ్గరున్న అడ్వాన్సు రెండు నెలలదే అయితే అది దాటిపోయినట్టే, వారు ఖాళీ చేసి వెళ్తే వసూలు చేసే దారి కష్టం. ఇన్నాళ్లూ సమయానికి కట్టిన మనుషులైతే ఆరు నెలలకు పది పదిహేను శాతం తగ్గించి, ప్రతి నెలా 5వ తేదీలోగా ఖాతాలో వేయాలని, ఆలస్యమైతే ఆ నెల తగ్గింపు ఉండదని రాయించండి. ఇంతకుముందే ఆలస్యాలు చేసినవారైతే తగ్గింపు ఇవ్వకుండా కొత్తవారిని చూసుకోవడం మంచిది.

ప్రశ్న: చివరి రెండు నెలల అద్దె కట్టకుండా అడ్వాన్సులో పట్టుకోమనొచ్చా?

జవాబు: ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే. పెయింటింగ్, కరెంటు బిల్లు, చిన్నచిన్న మరమ్మతులు కూడా ఆ అడ్వాన్సులోంచే పోవాలి కనుక చాలామంది రెండు నెలలకు ఒప్పుకోరు. ఒక నెలకు అడిగి చూడండి, కుదిరితే వాట్సాప్‌లోనైనా ‘సరే’ అని రాయించుకోండి.