అక్కకి ఫోన్ చేసి ఎన్నాళ్లయింది?

ప్రశ్న: నా వయసు 32. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మాది తెనాలి దగ్గర పల్లె. నా పదకొండో ఏట అమ్మ పోతే అక్కే నన్ను తన ఇంట్లో పెట్టుకుని పెంచింది. బావ 2009లో హెచ్ఐవీతో పోయారు. పరీక్ష చేస్తే అక్కకీ ఉందని తేలింది. అప్పటి నుంచి మందులు వాడుతోంది. జాకెట్లు కుట్టి నన్ను ఇంజనీరింగ్ చదివించింది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు దోసకాయలు తరుగుతుంటే కత్తిపీట తగిలి వేలు తెగింది. కంగారులో నేను ఆ వేలు పట్టుకున్నాను. అక్క 'ముట్టుకోకురా' అని చేయి లాక్కుని, నన్ను పంపు దగ్గరికి పంపింది. తర్వాత తనే కత్తిపీట కడిగి విడిగా పెట్టింది. నా అరచేతికి గాయం లేదు. కానీ గోరు పక్కన తోలు లేచి ఉందేమోనని అనుమానం. ఈ ఆరు నెలల్లో ఐదుసార్లు పరీక్ష చేయించుకున్నాను, అన్నీ నెగెటివ్. రిపోర్టు వచ్చిన రోజు హాయిగా ఉంటుంది, రెండ్రోజులకి మళ్లీ మొదలు. అక్క ఫోన్ వస్తే ఎత్తబుద్ధి కాదు. నా భార్యకి ఆరో నెల. తన పరీక్షలన్నీ బాగున్నాయి. శ్రావణంలో శ్రీమంతం. వదినని పిలుద్దామని తను అంటోంది. టెన్షన్ తట్టుకోలేక నేను అక్క సంగతి మా అత్తగారికి చెప్పేశాను. 'భర్త పోయిన మనిషి, ఎలాగూ ముందుకి రాదు, పిలవకపోయినా ఎవరూ అడగరు' అని ఆవిడ అంటున్నారు. ఆరో పరీక్ష ఏ పద్ధతిలో చేయించుకుంటే ఖాయంగా తెలుస్తుంది?

జవాబు: ఆరో పరీక్ష వద్దు. మీరు అడిగినదానికి జవాబు ఇంతే. కాకపోతే ఇక్కడితో ఆపేస్తే రేపు పొద్దున్నే ఇంకో ల్యాబు వెతుక్కుంటారు కాబట్టి నాలుగు ముక్కలు చెప్తాను.

చెక్కుచెదరని చర్మం మీద రక్తం పడితే హెచ్ఐవీ రాదు. రోగికి గుచ్చిన సూది పొరపాటున నర్సు వేలిలోకి దిగినప్పుడు, ఆ రోగి మందులు వాడకపోయినా సరే, అంటుకునేది వెయ్యిమందిలో ముగ్గురికి. మీ చేతిలోకి ఏ సూదీ దిగలేదు. పైగా మీ అక్క పదిహేనేళ్లకు పైగా మందు మానలేదు. ఆవిడ రక్తంలో వైరస్ యంత్రానికి కూడా దొరకనంత తక్కువై ఉంటుంది, హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ వాళ్లిచ్చే వైరల్ లోడ్ రిపోర్టులో అదే రాసి ఉంటుంది. నిజంగా భయపడాల్సిన గాయమే అయితే 72 గంటల్లోపు ఆసుపత్రికి వెళ్లి 28 రోజులు మందు మింగాలి. మీకు ఆ అవసరమే లేదు. మూడు నెలలు దాటాక చేసిన పరీక్షలో లేదని వస్తే లేనట్టే. ఆ తర్వాత కూడా మీరు చేయించుకున్నారు. ఇక ఏ డాక్టరూ మీకు కొత్తగా చెప్పేది లేదు.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన చోటు వేరే ఉంది. 'ముట్టుకోకురా' అన్న మాట. వేలు తెగి రక్తం కారుతున్న మనిషి తన నొప్పి చూసుకోలేదు, మిమ్మల్ని పంపు దగ్గరికి తోలింది. కత్తిపీట తనే కడిగి విడిగా పెట్టుకుంది. ఎన్నేళ్లుగా అలా తన గిన్నె, తన దువ్వెన, తన కత్తిపీట విడిగా పెట్టుకుంటోందో మీరెప్పుడైనా లెక్కేశారా? మా ఇంట్లో మా మేనత్తకి టీబీ వచ్చినప్పుడు ఒక ఇత్తడి గ్లాసు విడిగా పెట్టారు. జబ్బు తగ్గింది. గ్లాసు మాత్రం ఆవిడ పోయేదాకా అదే. ఎవరూ తీయలేదు, ఆవిడా అడగలేదు. అందుకే ఇలాంటి ఉత్తరం వస్తే నాకు కాస్త ఆవేశం వస్తుంది, ఏమీ అనుకోకండి.

ఒక్కటి ఆలోచించండి. పదకొండో ఏట నుంచి ఉద్యోగం వచ్చేదాకా మీరు ఆవిడ ఇంట్లోనే ఉన్నారు. ఆ ఏళ్లలో చాలాకాలం ఆవిడ ఒంట్లో ఈ వైరస్ ఉంది, మొదట్లో మందు కూడా లేదు. జాకెట్లు కుట్టే మనిషికి ఎన్నిసార్లు సూది గుచ్చుకుని ఉంటుంది? ఆవిడ కలిపిన ముద్దలు తిన్నారు, ఆవిడ పక్కన పడుకున్నారు. అప్పుడు మీకు భయం లేదు. 2009లో సంగతి తెలిశాక కూడా భయపడినట్టు రాయలేదు. మరి ఈ సంక్రాంతికే ఎందుకు పట్టుకుంది?

నాకు అనిపించింది చెప్తాను. పెళ్లయింది, అత్తగారిల్లు వచ్చింది, బిడ్డ రాబోతోంది. మీ అక్కకి ఏమిటి, మీ బావగారు ఎలా పోయారు అని ఎవరైనా అడిగితే చెప్పాల్సిన రోజు దగ్గరికి వచ్చింది. మీ భయం రక్తానిదే అయితే ఐదు రిపోర్టులకి ఈపాటికి పోయేది. అది సిగ్గు. ఆవిడ మీద సిగ్గుపడుతున్నానని ఒప్పుకోవడం కష్టం, ఎందుకంటే ఆవిడ మీకు తల్లి. జబ్బు అంటుకుంటుందేమో అనుకుంటే ఆ కష్టం ఉండదు, ఫోన్ ఎత్తకపోవడానికీ ఒక కారణం దొరుకుతుంది. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. 1990ల్లో గోడల మీద ఎయిడ్స్ ప్రచారపు పుర్రె బొమ్మలు చూస్తూ పెరిగిన తరాలం మనం, ఆ భయం అంత తేలిగ్గా పోదు.

కానీ అత్తగారికి చెప్పడం మాత్రం తప్పే, బాబూ. అది మీ సంగతి కాదు, మీ అక్క సంగతి. ఆవిడ మిమ్మల్ని నమ్మింది కాబట్టి మీకు తెలిసింది. నమ్మి చెప్పిన హెచ్ఐవీ సంగతిని ఆ మనిషి ఒప్పుకోకుండా బయటపెట్టకూడదని 2017లో చట్టం కూడా వచ్చింది, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. చట్టం లేకపోయినా ఈ మాట అంటాను. మీ నిద్ర కోసం ఆవిడ పరువు ఖర్చుపెట్టారు. అది మీ అక్కకి వేరే ఎవరి నోటో తెలిసే లోపు మీరే చెప్పాలి. ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని.

అత్తగారి మాట గురించి. భర్త పోయిన ఆడపడుచు పేరంటంలో ముందుకి రాదన్న ఆచారం మన ఇళ్లలో ఉంది, నాకు అది ఇష్టం లేదు, దాచుకోను. అయినా మీ అక్కని బలవంతంగా ముత్తయిదువల వరసలో నిలబెట్టి గాజులు తొడిగించమని చెప్పను. ఆవిడే ఒప్పుకోకపోవచ్చు. ఎక్కడ కూర్చోవాలో ఆవిడ తేల్చుకుంటుంది. అయితే పిలవాలా వద్దా అన్నది తేల్చే హక్కు మీ అత్తగారిది కాదు. పుట్టబోయేది ఆవిడ పెంచిన పిల్లాడి బిడ్డ. శ్రీమంతానికి మొదటి పిలుపు ఆవిడకి వెళ్లాలి, చీర పెట్టి, మీరిద్దరూ గడప తొక్కి. 'ఎవరూ అడగరు' అన్నది నిజమే కావచ్చు. మీ అమ్మ ఉంటే అడిగేది.

మీ భార్యకి నా నమస్కారం చెప్పండి. కడుపుతో ఉన్న మనిషి, భయపడాలంటే తనే ముందు భయపడాలి. తను వదినని పిలుద్దామంటోంది. అత్తగారితో మాట్లాడే పని తనకి వదిలేయండి, మీకంటే తనకే అది బాగా చేతనవుతుంది.

ఇక ఆ నిద్ర పట్టకపోవడం సంగతి. పరీక్ష చేయించుకుంటే రెండ్రోజులు హాయి, మళ్లీ అనుమానం అని మీరే రాశారు. ఇలా తిరిగితిరిగి వచ్చే అనుమానం ఓసీడీ అనే మానసిక సమస్య అయ్యే అవకాశం ఉంది. ప్రతి పరీక్షా దానికి మేత వేస్తుంది, అందుకే ఆరోది వద్దన్నాను. సైకియాట్రిస్టుని ఒకసారి కలవండి, దీనికి మంచి వైద్యం ఉంది. వెంటనే వెళ్లడం మొహమాటమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు. హెచ్ఐవీ గురించి ఇంకా సందేహం పీకుతుంటే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097 ఉంది. కానీ ఇవన్నీ అయ్యాకే ఊరు వెళ్తానని మాత్రం కూర్చోకండి. వైద్యం వైద్యమే, ప్రయాణం ప్రయాణమే.

ఒక పని మాత్రం మీరు ఏమీ ఆలోచించకుండా సరిగ్గా చేశారు. రక్తం చూడగానే గబుక్కున వేలు పట్టుకున్నారు. ఈ ఉత్తరం రాసిన మనిషి కంటే ఆ క్షణంలో ఉన్న మనిషి నాకు నచ్చాడు. వచ్చే ఆదివారం అతన్నే తెనాలి రైలెక్కించండి. దోసకాయ పప్పు చేయమని అక్కని అడగండి. ముక్కలు తరగడానికి కత్తిపీట ముందు మీరు కూర్చోండి. విడిగా పెట్టిన కత్తిపీటే తెమ్మనండి.