అరచేతిలో నెలవంక

నల్గొండ

చిరంజీవి మేనల్లుడికి మీ అత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అంతరిక్షంలోకి వెళ్లాలని చిన్నప్పటి నుంచీ కోరిక ఉందనీ, ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదనీ, పాపకు తొమ్మిదేళ్లు వచ్చాయి కాబట్టి చెప్పాలని ఉన్నా నోరు రావడం లేదనీ రాశావు. చెప్పు నాయనా, తప్పకుండా చెప్పు. అయితే ఎలా చెప్పకూడదో నాకు బాగా తెలుసు. ముందు అది విను.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన జిల్లా మీదుగా వెళ్లింది. జపాల్-రంగాపూర్ వేధశాల దగ్గర శాస్త్రవేత్తలు టెలిస్కోపులు బిగించుకుని ఎదురుచూస్తుంటే, దేవరకొండ దగ్గర మన ఊళ్లో మా నాన్న నన్నూ మీ నాన్ననూ ఇంట్లో పెట్టి బయట గొళ్లెం వేశారు. నాకు పన్నెండేళ్లు, వాడికి ఎనిమిది. మన పాత పెంకుటిల్లు నీకు గుర్తుందో లేదో. పెంకుల సందుల్లోంచి పేడతో అలికిన నేల మీద రోజూ గుండ్రటి వెలుగు చుక్కలు పడేవి. ఆ మధ్యాహ్నం అవన్నీ కొరికిన జొన్నరొట్టెల్లా ఒక పక్క నుంచి తరుగుతూ నెలవంకలయ్యాయి. నేల నిండా ఇరవై ముప్పై నెలవంకలు! మీ నాన్న ఒకదాని కింద అరచెయ్యి పెట్టి "అక్కా, నా చేతిలోకి వచ్చింది" అన్నాడు. కాసేపటికి అన్నీ ఒకేసారి ఆరిపోయాయి. తలుపు బయట ఏం జరుగుతోందో చూడాలన్న ఆరాటం నాకు ఆ చీకట్లో పుట్టింది. నాలుగేళ్లకు, 1984 ఏప్రిల్‌లో, రాకేశ్ శర్మ సోయుజ్ నౌకలో అంతరిక్షంలోకి వెళ్లారు. హైదరాబాదు నిజాం కాలేజీలో చదివిన మనిషి వెళ్లాడంటే నేనూ వెళ్లగలను అనుకున్నాను. వెళ్లలేదు. సైన్సు టీచర్‌నయ్యాను.

నేను చేసిన తప్పు మీ బావ విషయంలో. నా కోరికను వాడికి చెప్పలేదు, వాడి నెత్తిన పెట్టాను. చుట్టాలందరి ముందూ "మావాడు ఆకాశానికి వెళ్తాడు" అనేదాన్ని. ఇంటర్ మొదటి సంవత్సరంలో లెక్కల్లో మార్కులు తగ్గితే వాడి ఎదుటే ఏడ్చాను. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు వాడు నాతో డాబా ఎక్కలేదు. 2023 ఆగస్టు 23 సాయంత్రం, 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 దిగిన మరుక్షణం, వాడే ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు. "అమ్మా, దిగింది" అన్నాడు. ఇద్దరికీ ఇంకో మాట రాలేదు. ఆ ఫోన్ కోసం అన్నేళ్లు ఆగాల్సిన పని లేదు, అది నేను చేతులారా చేసుకున్నది.

అందుకే చెబుతున్నాను, "నువ్వు వెళ్తావా తల్లీ?" అని పాపను అడగకు. "నాకు వెళ్లాలని ఉండేది" అను. ఎందుకు వెళ్లలేకపోయావో కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పు. బోరు ఎండిపోయింది, చదువు ఆగింది, ట్రాక్టర్ల షెడ్డు పెట్టుకున్నావు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. తండ్రికి తీరని కోరిక ఒకటి ఉందని తెలిస్తే పిల్లల దృష్టిలో తండ్రి తక్కువ కాడు.

ఇంట్లో కూర్చోబెట్టి చెప్పకు, డాబా మీద చెప్పు. వ్యోమగాములు ఉంటూ భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన ఊరి మీదుగా ఎప్పుడు వెళ్తుందో నాసా వారి 'స్పాట్ ది స్టేషన్' యాప్‌లో చూసుకోవచ్చు. పొద్దుగూకాక గంటా రెండు గంటల్లోపు, లేదా తెల్లవారుజామున కనిపిస్తుంది. విమానంలా మిణుకుమనదు. నిలకడగా వెలుగుతూ నాలుగైదు నిమిషాల్లో ఆకాశం దాటేస్తుంది. ఒక్కోసారి నడిమధ్యలోనే మాయమవుతుంది, అది భూమి నీడలోకి వెళ్లిందన్నమాట. ఎంత ఎత్తులో ఉందని పాప అడుగుతుంది. నల్గొండ నుంచి హైదరాబాదు వంద కిలోమీటర్లు, అలాంటివి నాలుగు నిలువునా పేర్చమను. మన బస్సుకు రెండున్నర గంటలు పట్టే ఆ వంద కిలోమీటర్లు దానికి పదమూడు సెకన్లు. 2025లో శుభాంశు శుక్లా పద్దెనిమిది రోజులు ఉండి వచ్చింది అక్కడేనని చెప్పు. రాజాచారి అనే వ్యోమగామి అక్కడ ఆరు నెలలు ఉన్నారనీ, ఆయన తండ్రి హైదరాబాదు నుంచి చదువుకోవడానికి అమెరికా వెళ్లినవారనీ కూడా చెప్పు.

అక్కడ మనుషులు ఎందుకు తేలుతారని అడిగితే, ఆకర్షణ శక్తి లేదని మాత్రం చెప్పకు. చాలామంది పెద్దవాళ్లూ అలాగే అనుకుంటారు. ఆ ఎత్తులో కూడా మన దగ్గర ఉన్నదాంట్లో దాదాపు తొంభై శాతం ఉంటుంది. ఒక ప్లాస్టిక్ సీసాకు అడుగున పక్కగా మేకుతో బెజ్జం చేసి నీళ్లు పొయ్యి. మూత తీస్తే ధార కడుతుంది. అలాగే డాబా మీద నుంచి వదిలెయ్యి. పడుతున్నంతసేపూ ధార ఆగిపోతుంది, ఎందుకంటే సీసాతోపాటు నీళ్లూ పడుతున్నాయి. అంతరిక్ష కేంద్రం కూడా భూమి చుట్టూ అలా పడుతూనే ఉంటుంది, లోపలి మనుషులూ దాంతోపాటే. సీసాను ముందు పాప చేతే వదిలించు. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు నింపి ఇవ్వు.

కల్పనా చావ్లా సంగతి దాచకు. అడిగిన రోజు చెప్పు. 2003 ఫిబ్రవరి 1న ఆమె నౌకలో ఉన్న ఏడుగురూ తిరిగి రాలేదని చెప్పి, పాప పక్కన కాసేపు ఊరికే కూర్చో.

శ్రీహరికోటలో ప్రయోగం చూడటానికి గ్యాలరీ ఉంది, ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. వాయిదా పడవచ్చని బయలుదేరే ముందే పాపకు చెప్పు. 2019లో చంద్రయాన్-2 కూడా 56 నిమిషాల ముందు ఆగి, వారం తర్వాత ఎగిరింది.

"ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకు" అనేవాళ్లు మన ఇంట్లోనే ఉన్నారు. వాళ్లకు జవాబు నేను చెబుతాను. రేపు పాప నాకు పశువుల డాక్టర్ కావాలని ఉందంటే మాత్రం నీ ముఖం చిన్నబోకూడదు సుమా. ఆ పిల్ల నీ ముఖమే చూస్తుంటుంది.

సంక్రాంతి సెలవులకు రండి. ఆ రోజుల్లో రాత్రి ఎనిమిదింటికి పిల్లలకోడి చుక్కలు దాదాపు నడినెత్తిన ఉంటాయి. డాబా మీద నవారు మంచం వేయిస్తాను. మీ నాన్నను కూడా తీసుకురా. అరచేతిలో నెలవంకను పట్టుకున్న సంగతి పాపకు వాడే చెప్పాలి.

ఇట్లు
మీ అత్త