బడికి ఊరి తోడు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం విరాళాల గురించే వచ్చాయి. డబ్బు అవసరమే. కానీ ఊరి నుంచి బడికి ముందు కావలసింది మనుషులు, వాళ్ల సమయం అని మా నమ్మకం. అందుకే మనుషులు, సమయం గురించి వచ్చిన ఉత్తరాలకే ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: మా ఊరి ప్రాథమిక పాఠశాలలో 84 మంది పిల్లలు. నన్ను యాజమాన్య కమిటీ చైర్‌పర్సన్‌గా ఎన్నుకున్నారు. హెచ్‌ఎం గారు తీర్మానాల పుస్తకం పంపిస్తారు, నేను సంతకం పెట్టి పంపుతాను. చదివింది ఏడో తరగతి. నేను ఏం చూడాలి, ఏం అడగాలి?
– ఒక తల్లి, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, ఈ పనికి మీ చదువు చాలు. ముందు ఒక్కటి మార్చండి. పుస్తకం మీ ఇంటికి రావడం ఆగాలి, మీరే బడికి వెళ్లాలి. సమావేశమే జరగకుండా ఇంటింటికీ తిప్పి పెట్టించిన సంతకం వల్ల రేపు ఆడిట్‌లో ప్రశ్న వస్తే జవాబు చెప్పుకోవలసింది మీరే. విద్యాహక్కు చట్టం 2009లోని 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలి. బడి పనితీరు చూడటం, గ్రాంటు ఎలా ఖర్చవుతోందో గమనించడం మీ విధి. అడిగితే ఎవరూ తప్పు పట్టకూడదు.

డబ్బు సంగతి. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద బడికి ఏటా గ్రాంటు వస్తుంది. 31 నుంచి 100 మంది పిల్లలుంటే అది రూ. 25,000. అందులో కనీసం పదో వంతు, అంటే మీ బడికి రూ. 2,500, పారిశుధ్యానికే వాడాలి. అది ఒకేసారి పడకపోవచ్చు, ఆలస్యమూ కావచ్చు. కాబట్టి ‘ఎంత రావాలి’ అని కాక ‘ఇప్పటికి ఎంత వచ్చింది’ అని అడిగి ఖాతా లెక్క చూపించమనండి. తర్వాత బిల్లులు. ఒక్కో బిల్లు మీద దుకాణం పేరు, తేదీ, వస్తువు, ఎన్ని అన్నది చూడండి. ఆరు ట్యూబులైట్లకు బిల్లుంటే గదుల్లోకి వెళ్లి ఆరూ లెక్కపెట్టండి. ఇందులో అనుమానించడమేమీ లేదు. మంచి హెచ్‌ఎంకు ఇది రక్షణ కూడా.

భోజనం సంగతి. ప్రాథమిక తరగతుల్లో ఒక్కో బిడ్డకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె అన్నది కేంద్రం పెట్టిన కొలత. ఆ రోజు 70 మంది వస్తే 7 కిలోల బియ్యం, కిలో 400 గ్రాముల పప్పు, మూడున్నర కిలోల కూరగాయలు, 350 గ్రాముల నూనె. వడ్డించేటప్పుడు చూస్తే రుచి తెలుస్తుంది గానీ కొలత తెలియదు. బియ్యం తూచే వేళకు, పొద్దున్నే, నెలలో రెండుసార్లు చెప్పకుండా వెళ్లండి. ఆ రోజు హాజరుపట్టీలో ఉన్న సంఖ్య, భోజనాల రిజిస్టరులో ఉన్న సంఖ్య ఒకటేనా చూడండి. గుడ్డు పెట్టే రోజైతే గుడ్లూ లెక్కపెట్టండి.

ఇక సమావేశం. నాట్లు, కలుపుల రోజుల్లో పదకొండింటికి పిలిస్తే కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు? చాలా ఊళ్లలో అమావాస్య నాడు పొలం పనులకు పోరు. మీ ఊళ్లోనూ ఆ ఆనవాయితీ ఉంటే, బడి ఉన్న అమావాస్య రోజే పెట్టించండి. ముందు తల్లులను మాట్లాడనివ్వండి, తర్వాతే టీచర్లు. హెచ్‌ఎం గారు మొదలుపెడితే మిగతావాళ్లు తలూపి వెళ్లిపోతారు. తీర్మానం ‘పారిశుధ్యం మెరుగుపరచాలని తీర్మానించడమైనది’ అని రాస్తే ఏ పనీ జరగదు. ‘ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గడియ, ఈ నెల 20లోగా, ఫలానా సభ్యురాలు దగ్గరుండి వేయించాలి’ అని రాయించండి. మరుసటి సమావేశం ఆ వాక్యం చదవడంతోనే మొదలవ్వాలి. అందరి ముందూ చదివి వినిపించాకే సంతకం.

ప్రశ్న: మా పదో తరగతి బ్యాచ్ మిత్రులం కలిసి హైస్కూలుకు ఆర్వో ప్లాంటు ఇద్దామనుకుంటున్నాం. 220 మంది పిల్లలు. ఇదివరకు ఎవరో ఇచ్చిన చిన్న ప్లాంటు మూలన పడి ఉంది. ఏ కంపెనీది కొనమంటారు?
– పూర్వ విద్యార్థులు, నల్గొండ జిల్లా

జవాబు: కంపెనీ ఆఖరి ప్రశ్న. పాతది ఎందుకు మూలన పడిందో కనుక్కోండి. చాలా బడుల్లో కారణం ఒకటే: ఇచ్చినవాళ్లు యంత్రానికి డబ్బిచ్చారు, ఫిల్టర్లకు ఇవ్వలేదు.

నీళ్లు పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం), ఫ్లోరైడు, నైట్రేటు, సూక్ష్మజీవులు చూపించాలి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు టీడీఎస్ 500 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే దారి లేకుంటే 2,000 దాకా ఒప్పుకుంటారు. ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, గత్యంతరం లేకపోతే 1.5. పెన్నులా ఉండే టీడీఎస్ మీటరు ముంచి ‘నీళ్లు మంచివే’ అనేవాళ్లను నమ్మవద్దు. ఆ మీటరు ఫ్లోరైడును విడిగా చూపించదు. మీ జిల్లాలో చూడాల్సింది ముఖ్యంగా దాన్నే.

బడికి మిషన్ భగీరథ నల్లా సక్రమంగా వస్తుంటే ఆర్వో అక్కరే లేకపోవచ్చు. అప్పుడు మీ డబ్బు మూత సరిగ్గా పడే ట్యాంకుకు, పైపులకు, కుళాయిలకు పెట్టండి. ట్యాంకు కడిగించడం, చివరి కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిందో లేదో చూడటం చాలు.

బోరు నీళ్లే గతి, ఫ్లోరైడు ఎక్కువ అని తేలితే లెక్క ఇది. మనిషికి లీటరున్నర చొప్పున 330 లీటర్లు కావాలి. గంటకు 100 లీటర్లిచ్చే ప్లాంటుకు మూడు గంటల పైన పడుతుంది. కరెంటు పోతే అంతే సంగతులు. గంటకు 250 లీటర్లది, 500 లీటర్ల ట్యాంకు పెట్టుకోండి. కుళాయిలు మరచిపోతారు చాలామంది. విరామం పది నిమిషాలు, ఒక్కో సీసా నిండటానికి 20 సెకన్లు అనుకుంటే ఒక కుళాయి దగ్గర 30 మంది. అంటే ఏడెనిమిది కుళాయిలు ఉండాలి. రెండే పెడితే తోపులాటలో చిన్నపిల్లలు నీళ్లు తాగకుండానే తరగతికి పోతారు. కుళాయిల్లో సగం ఆరో తరగతి పిల్లల ఎత్తుకు పెట్టించండి.

ప్రతి లీటరు మంచినీటికి లీటరో, అంతకన్నా ఎక్కువో వృథా నీరు వస్తుంది. ఫ్లోరైడు చాలావరకు అందులోకే చేరుతుంది. దాన్ని బోరు పక్క ఇంకుడు గుంతలోకి, బడి తోటలోకి వదలవద్దు. మరుగుదొడ్ల ట్యాంకుకు మళ్లించండి. వేసవి సెలవుల్లో మెంబ్రేన్ (నీటిని వడకట్టే పొర) నెలన్నర పైగా వాడకుండా ఉంటే పాడవుతుంది. మూసే ముందు మెకానిక్‌తో నిల్వ మందు పట్టించాలి. జూన్‌లో తెరిచాక మొదటి నీళ్లు పారబోసి, పరీక్షించాకే పిల్లలకు ఇవ్వాలి.

యంత్రం ధరలో పదో వంతైనా ఏటా నిర్వహణకు పక్కన పెట్టగలరా? ముందు మూడేళ్లకు సరిపడా పోగేశాకే కొనండి. ఫిల్టర్లు ఎవరు మారుస్తారు, కరెంటు బిల్లు ఎవరిది, చెడితే ఎవరికి ఫోన్ చేయాలి: ఇవి ఒక కాగితం మీద రాసి, కమిటీ తీర్మానంతో ప్లాంటును బడి స్టాకు రిజిస్టరులో ఎక్కించండి. ప్లాంటు మీద దాతల పేర్ల పక్కన మెకానిక్ నంబరు కూడా ఉండాలి.

ప్రశ్న: డిగ్రీ చదివే ఎనిమిది మందిమి సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఊళ్లో 45 మంది పిల్లలకు చదువు చెప్పాలనుకుంటున్నాం. అందరూ 3 నుంచి 8వ తరగతి వాళ్లు. గదులిస్తామని హెచ్‌ఎం అన్నారు.
– యువజన సంఘం సభ్యులు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: తరగతుల వారీగా కూర్చోబెట్టకండి. మొదటి వారం ఒక్కొక్కరిని ఐదు నిమిషాలు పరీక్షించండి. అక్షరాలు, చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా, కథ: వీటిలో ఎక్కడ ఆగిపోతున్నారు? లెక్కల్లో రెండంకెల సంఖ్యలు, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. ఏడో తరగతి పిల్ల పేరా దగ్గర ఆగితే పేరా జట్టులోనే చదవాలి. అందరి ముందూ ఆ మాట అనకండి, రెండో రోజు నుంచి రాదు. నాలుగు జట్లు, జట్టుకు ఇద్దరు మీరు. నెలన్నరకోసారి మళ్లీ పరీక్షించి జట్లు మార్చండి.

ఇలాంటి తరగతులు రెండు చోట్ల దెబ్బతింటాయి. ఒకటి, హోంవర్కు రాయించే ట్యూషన్‌గా మారిపోతాయి. హోంవర్కుకు చివరి ఇరవై నిమిషాలే ఇవ్వండి. రెండోది, మీ సెమిస్టర్ పరీక్షలు రాగానే ఆగిపోతాయి. ఆ వారాలకు డ్వాక్రా సంఘాల్లో చదువుకున్న అక్కలను, రిటైరైన మాస్టార్లను ఇప్పుడే అడిగి పెట్టుకోండి. రెండు గంటలు చిన్నపిల్లలకు ఎక్కువ, గంటన్నర చాలు. చలికాలం తొందరగా చీకటి పడుతుంది కనుక ఐదింటికే మొదలుపెట్టండి.

భద్రత విషయంలో మొహమాటం వద్దు. కమిటీ రాతపూర్వక అనుమతి, ఎనిమిది మందికీ పోలీసు వెరిఫికేషన్ కావాలి. ఏ గదిలోనూ ఒక్కరే పెద్దవాళ్లు ఉండకూడదు, తలుపులు తీసే ఉంచాలి. పిల్లలను బైకు మీద ఒంటరిగా దింపడం, వాళ్లతో ఫోన్ చాటింగ్, ఫొటోలు స్టేటస్‌లో పెట్టడం ఉండకూడదు. బిడ్డ ఏదైనా వేధింపు గురించి చెబితే దాచిపెట్టి ఊళ్లోనే సర్దుబాటు చేయకండి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. సాయానికి పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 ఉంది.

ప్రశ్న: మిరప కోతల కాలంలో మా బడి పిల్లల్లో మూడో వంతు తల్లిదండ్రులతో గుంటూరు వైపు వెళ్లిపోతున్నారు. మార్చిలో తిరిగొచ్చేసరికి చదివింది మరిచిపోతారు.
– ఒక ఉపాధ్యాయుడు, కర్నూలు జిల్లా

జవాబు: మాస్టారూ, బండి ఎక్కే రోజు ఆపబోతే ఎవరూ వినరు. కూలీలను తీసుకెళ్లే మేస్త్రి అడ్వాన్సు ఇచ్చే ముందే మాట్లాడాలి. అక్టోబరులోనే కమిటీ సభ్యులు, వార్డు మెంబరు, అంగన్‌వాడీ టీచరు కలిసి వెళ్లే కుటుంబాల జాబితా రాయాలి. ఏ ఊరికి, ఏ మేస్త్రితో, ఇంట్లో అవ్వా తాతలు ఎవరైనా ఉంటున్నారా అన్నవి అందులో ఉండాలి. అవ్వ ఉన్న ఇంటి బిడ్డను ఆపడం తేలిక. అవ్వకు వంట కష్టమైతే రాత్రి భోజనం సంగతి ఊరు చూసుకోవాలి. ఎవరూ లేని పిల్లలకు సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టల్ అడగండి. కోతలు మొదలయ్యాక అడిగితే మంజూరయ్యేసరికి కాలం దాటిపోతుంది. జాబితాతో, కమిటీ తీర్మానంతో ముందే మండల విద్యాశాఖాధికారికి ఇవ్వాలి.

వెళ్లక తప్పని పిల్లల చేతికి ఒక కాగితం ఇవ్వండి: పేరు, తరగతి, యూడైస్ (బడుల ప్రభుత్వ సమాచార వ్యవస్థ) నంబరు, ఎంతవరకు చదవగలరు, మీ ఫోన్ నంబరు. టీసీ ఆలస్యమైందన్న సాకుతో చేర్చుకోకుండా ఉండటం విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్‌కు విరుద్ధమని అక్కడి హెచ్‌ఎంకు మీరే ఫోన్ చేసి చెప్పండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను, ఓసీఐ కార్డుంది. మా ఊరి బడి కమిటీ ఖాతాకు నేరుగా డబ్బు పంపవచ్చా?
– ఒక పూర్వ విద్యార్థి

జవాబు: అలా నేరుగా పంపకండి. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసులు తమ సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. ఓసీఐ కార్డు విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి వారికి ఇచ్చేది కనుక మీ డబ్బుకు విదేశీ విరాళాలను నియంత్రించే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం వర్తిస్తుంది, రిజిస్ట్రేషన్ లేకుండా తీసుకున్న కమిటీ చిక్కుల్లో పడుతుంది. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకు ఇవ్వండి. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ కూడా డబ్బును మరొకరికి బదిలీ చేయకూడదు, పని తానే చేయించాలి. అందుకని పంపే ముందే ఆ సంస్థ, కమిటీ కూర్చుని ఏ పని, ఎంత, ఎప్పటిలోగా అన్నది రాసుకోవాలి. డబ్బుతో పాటు నెలకు రెండు శనివారాలు మీ ఉదయం వేళ, అంటే ఇక్కడి సాయంత్రం, తొమ్మిదో తరగతి పిల్లలతో వీడియోలో ఇంగ్లీషులో మాట్లాడగలరేమో హెచ్‌ఎం గారిని అడిగి చూడండి. ఒక టీచరు పక్కన ఉండాలి.