మోటారు పోయిందన్నారు సరే, విప్పి చూశారా?

వానలు పడ్డాయో లేదో అందరూ గడ్డి కోసే మిషన్లు బయటికి తీసినట్టున్నారు, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు వాటి మీదే.

ప్రశ్న: మాది విజయవాడ పక్కన పోరంకి. ఇంటి ముందు రెండు సెంట్లలో లాన్ వేసుకున్నాం. ఆరేళ్ల కిందట కొన్న కరెంటు లాన్‌మోవర్‌ను మొన్న వాన వెలిశాక బయటికి తీసి స్విచ్ నొక్కితే గుయ్యిమని మూలుగుతోంది తప్ప బ్లేడు తిరగడం లేదు. సర్వీసు సెంటరుకి పంపితే మోటారు పోయింది, మార్చాలంటే 7,500 అవుతుంది, కొత్తది 14,000కి వస్తుంది, మీ ఇష్టం అన్నారు. మావారు కొత్తది కొనేద్దాం, టెన్షన్ ఉండదు అంటున్నారు. మా అత్తగారేమో ఆ గడ్డంతా పీకేసి వంగ, బెండ వేసుకుంటే కూరలైనా వస్తాయి కదా అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక గృహిణి, పోరంకి

జవాబు: అమ్మా, మీ మిషను ఇంకా బతికే ఉందని నా అనుమానం. మూలుగుతోందంటే కరెంటు మోటారు లోపలి వైండింగ్ (రాగి తీగ చుట్ట) దాకా వెళ్తోందన్నమాట, తిరగడానికే ఏదో అడ్డం పడుతోంది. సీలింగ్ ఫ్యాను స్విచ్ వేస్తే తిరగకుండా, చీపురు కర్రతో ఒక తోపు తోస్తే తిరగడం మీరు చూసే ఉంటారు. అక్కడ పోయేది ఫ్యాను కాదు, తిరగడం మొదలెట్టడానికి ఊతమిచ్చే కండెన్సర్. మీ మిషన్‌లో ఉన్నది ఇండక్షన్ మోటారైతే (కార్బన్ బ్రష్షులు లేని రకం, ఆ మూలుగుని బట్టి అదే అయి ఉండాలి) దానికీ ఒక కండెన్సర్ ఉంటుంది, అది బలహీనపడితే మోటారు మూలగడమే గానీ లేవదు. అయితే ఫ్యానుని తోసినట్టు ఈ బ్లేడుని మాత్రం తోయకండి, దయచేసి.

ఇంకో సంగతి, ఇది ముందే చెప్పాల్సింది. మూలుగుతోంది కదా, కాసేపాగితే తిరుగుతుందేమో అని స్విచ్ పట్టుకుని నిలబడకండి. తిరగని మోటారు మామూలు కంటే నాలుగైదు రెట్లు కరెంటు లాగుతుంది, ఒకటి రెండు నిమిషాల్లో వైండింగ్ నిజంగానే మాడిపోతుంది, అప్పుడు సర్వీసు సెంటరు వాళ్ల మాటే నిజమవుతుంది.

ఇంట్లో మీరు చేయగలిగింది ఒక్కటే ఉంది. ప్లగ్ పీకేసి, అది మీ కంటికి కనబడేచోట పెట్టుకుని, మిషన్‌ను పక్కకి ఒరిగించి కింద చూడండి. తడిసి ఎండిన గడ్డి అట్టకట్టి సిమెంటులా పట్టేసి ఉంటుంది, ఒక చెక్క ముక్కతో గీకేయండి. తర్వాత మందపాటి గ్లవ్స్ వేసుకుని బ్లేడుని నెమ్మదిగా చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుపోయినా, గరగరలాడినా బేరింగు పోయినట్టు. హాయిగా తిరిగితే అనుమానం కండెన్సర్ మీదికి పోతుంది. దాన్ని మీరు విప్పవద్దు, ప్లగ్ తీసేసినా అందులో ఛార్జి నిలిచి ఉండి షాక్ కొడుతుంది. మెకానిక్ చేతే మార్పించండి. పాతదాని మీద ఎన్ని మైక్రోఫారడ్లని (అది కండెన్సర్ సైజు కొలత) రాసి ఉందో అంతే వేయమనండి, పెద్దది వేస్తే పవరు పెరుగుతుందనే మాట నమ్మకండి. దాని ఖరీదు మహా అయితే రెండు మూడు వందలు.

అసలు మన దగ్గర "మోటారు పోయింది" అనే మాట డాక్టర్లు "వైరల్ ఫీవర్" అన్నట్టు తయారైంది. కండెన్సర్ పోయినా, బేరింగు పట్టేసినా, స్విచ్ కాలినా, కార్బన్ బ్రష్షులు అరిగినా అన్నిటికీ అదే పేరు. కొంతమంది విప్పి చూడకుండానే అనేస్తారు, ఎందుకంటే మోటారు మొత్తం మార్చడం వాళ్లకి అరగంట పని. రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తదే కొనాలని ఒక లెక్క చెబుతుంటారు కదా, మీవారు కూడా బహుశా ఆ లెక్కే వేసి ఉంటారు. లెక్క తప్పు కాదు గానీ, ఆ 7,500 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూడకుండా దాన్ని దేనితో పోల్చి ఏం లాభం?

కాబట్టి దాన్ని తీసుకుని ఒక మోటారు వైండింగ్ షాపుకి వెళ్లండి. లాన్‌మోవర్ సర్వీసు అనే బోర్డు ఉండదు, బోరు మోటార్లు, ఫ్యాన్లు, మిక్సీలు కుప్పలుగా పడి ఉంటాయి, నూనె వాసన, వార్నిష్ వాసన. వ్యవసాయ బోర్ల పుణ్యమా అని మనకి ఊరూరా ఈ పనివాళ్లు తయారయ్యారు. లో వోల్టేజీకి మోటార్లు కాలిపోవడం, రాత్రికి రాత్రి వైండింగ్ చేయించి తెల్లారేసరికి మళ్లీ బావిలో దింపడం, అది చూసి పెరిగినవాణ్ణి నేను. ఆ చేతులకి మీ మిషను ఒక లెక్కా?

ఒకవేళ నిజంగానే వైండింగ్ కాలి ఉంటే విప్పగానే తెలిసిపోతుంది, తీగ నల్లబడి మాడు వాసన కొడుతుంది. అప్పుడు రీవైండింగ్‌కి ఎంతవుతుందో అడగండి. రాగి తీగే వేయమని, పాత గేజీ (తీగ మందం), పాత చుట్ల లెక్కే ఉంచమని, వార్నిష్ పట్టించాక బాగా ఆరబెట్టమని చెప్పండి. పాత రాగి ధర బిల్లులో తగ్గించమని కూడా అడగండి, మొహమాటం వద్దు, అది మీ రాగే. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి బేరింగులు కూడా మార్పించేయండి. ఇవన్నీ కలిపి కొత్తదాని ధరలో మూడో వంతు లోపు వస్తే నేనైతే రెండో ఆలోచన చేయను.

కొత్తది కొనాల్సిన సందర్భాలు లేకపోలేదు. మోటారు బోల్టులు బిగించే చోట ప్లాస్టిక్ బాడీ పగిలినా, బ్లేడు రాయికి కొట్టుకుని షాఫ్టు వంగిపోయినా డబ్బు పెట్టకండి, ఆ వణుకు కొత్త బేరింగుల్ని కూడా తినేస్తుంది. మోటారు ఇండక్షన్ కాకుండా కార్బన్ బ్రష్షులది అయి, ఆర్మేచర్ (లోపల తిరిగే తీగ చుట్ట) కాలిపోతే అదీ అంతే, చుట్టించినా చాలావాటికి ఎక్కువ కాలం నిలవదు. బ్రష్షులు మాత్రమే అరిగితే అది చాయ్ ఖర్చుతో పోయే పని.

బాగు చేయించినా కొత్తది కొన్నా, అసలు ఎందుకు ఆగిందో చూసుకోకపోతే మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు. వానకి ఏపుగా పెరిగిన గడ్డిని ఒక్కసారే నేలమట్టానికి కోసే ప్రయత్నం చేసి ఉంటారు. ఎత్తులో మూడో వంతుకి మించి ఒకేసారి కోయకండి, తడిగా ఉంటే అసలు కోయకండి. ఎక్స్‌టెన్షన్ వైరు సన్నగా ఉంటే అది కూడా వోల్టేజీ తినేస్తుంది, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు తీసుకోండి, చుట్ట మొత్తం విప్పి పరిచాకే వాడండి, చుట్ట మీద ఉంటే వేడెక్కుతుంది.

అత్తగారి మాట సంగతి. రెండు సెంట్లంటే తొంభై ఏడు గజాలు, సగం ఆవిడకి ఇచ్చేయండి. మిగిలిన సగానికి చేత్తో తోసే మోవర్ చాలు, దానికి మోటారూ లేదు, కండెన్సరూ లేదు.

ప్రశ్న: అంకుల్, మేం టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. మా 40 వోల్టుల బ్యాటరీ మోవర్ కొని నాలుగేళ్లయింది. ఇప్పుడు పది నిమిషాలకే ఆగిపోతోంది. కొత్త బ్యాటరీ ధర చూస్తే, ఇంకాస్త వేస్తే కొత్త మిషనే వచ్చేలా ఉంది. ఇక్కడ వైండింగ్ షాపులు లేవు మరి!

జవాబు: లేవు, ఉన్నా మీకు పనికిరావు, మీ సమస్య మోటారుది కాదు. బ్యాటరీ అని కూడా అప్పుడే అనకు. ముందు బ్లేడు చూడు. మొండి బ్లేడు గడ్డిని కోయదు, చింపుతుంది, దానికి బ్యాటరీ ఇట్టే ఖాళీ అవుతుంది. మీ వైపు బెర్ముడా గడ్డి దట్టంగా కూడా ఉంటుంది. బ్యాటరీ తీసేసి, సేఫ్టీ కీ కూడా తీసేసి, బ్లేడు విప్పి సాన పట్టించు, ఎత్తు ఒక మెట్టు పెంచి చూడు. అప్పటికీ పది నిమిషాలే అయితే, అదే కంపెనీ అదే వోల్టేజీ బ్యాటరీ వీధిలో ఎవరి దగ్గరైనా ఉంటే ఒక్కసారి అడిగి పెట్టి చూడు. దానితో బాగా నడిస్తే బ్యాటరీ ముసలిదైపోయినట్టే. వేసవిలో గ్యారేజీలో ఫుల్ ఛార్జితో వదిలేశావా? లిథియం బ్యాటరీకి వేడి శత్రువు.

కొనే ముందు పాత బిల్లు వెతుకు, చాలా కంపెనీలు బ్యాటరీకి మిషనుతో సంబంధం లేకుండా విడిగా వారంటీ ఇస్తాయి. అది లేకపోతే, అదే బ్యాటరీతో నడిచే ట్రిమ్మరో బ్లోయరో నీ దగ్గర ఉందా లేదా అన్నదే తేల్చాలి. ఉంటే బ్యాటరీ కొనుక్కో. లేకపోతే సీజను చివర్లో మిషను, బ్యాటరీ, ఛార్జరు కలిపి అమ్మే సెట్టు కోసం ఆగు. చవగ్గా దొరికే పేరులేని బ్యాటరీ మాత్రం వద్దు, పాతదాన్ని విప్పి సెల్స్ మార్చే వీడియోలు చూసి ప్రయోగాలు అసలే వద్దు. పాత బ్యాటరీ చెత్తబుట్టలో వేయకు, హోమ్ డిపో, లోస్ స్టోర్లలో తీసుకునే పెట్టెలుంటాయి.

ప్రశ్న: మిషను బాగానే నడుస్తోంది గానీ, పట్టుకుంటే చేతికి జిల్లుమంటోంది. ఒకసారి వైరు బ్లేడు కింద పడి తెగితే టేపు చుట్టాం. రిపేరు చేయించాలా?
- కరీంనగర్ నుంచి

జవాబు: ఈ ఉత్తరం చదివిన వెంటనే ప్లగ్ పీకేయండి. తడి గడ్డి మీద నిలబడి పట్టుకునే వస్తువు అది, జిల్లుమనడం హెచ్చరిక, రెండోసారి ఇస్తుందో ఇవ్వదో. వైరు మొత్తం కొత్తది వేయించండి, అతుకు వద్దు. వైండింగ్ షాపులో మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి మోటారు ఇన్సులేషన్ చూపించండి, బాడీకి కరెంటు లీకవుతోందని తేలితే అది సరిచేసేదాకా ముట్టుకోవద్దు. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పెట్టించండి, ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్) ఉంది కదా అనుకోకండి, అది వైరుని కాపాడుతుంది, మనిషిని కాదు. ఇక ఆ టేపు చుట్టిన వైరుని అటక మీద దాచకుండా ముక్కలుగా కోసి పారేయండి, లేకపోతే వచ్చే ఏడాది ఎవరో ఒకరు దాన్ని మళ్లీ దేనికో తగిలిస్తారు.